ఎడమకు తిరిగితే...

మా అక్క ఇంట్లో మేడ మీది గదికి ఒకప్పుడు గడియ పెట్టేవారు కాదు. బావ పోయిన నెలకు దానికి తాళం పడింది. మరుసటి నెలకు చెడ్డపేరు కూడా వచ్చింది.

ఆ గదిలో కంప్యూటరు, వీఆర్ హెడ్‌సెట్ ఉన్నాయి. క్రేన్ పరీక్షకు అక్క వాటి మీదే సాధన చేస్తోంది. పరీక్ష సోమవారం. తప్పితే మళ్లీ అవకాశం ఇవ్వరు. బావ నడిపిన క్రేన్ మరొకరి చేతికి పోతుంది.

అక్క చెప్పిందే చెబుతున్నాను. డ్యూటీ నుంచి వచ్చి, రాత్రిపూట తాళం తీసి, హెడ్‌సెట్ తగిలించుకుని నిలబడుతుందట. కళ్ల ముందు సరుకుల యార్డు. కొక్కేనికి వేలాడుతున్న బరువు. దాన్ని దించడానికి ఎడమకు తిరుగుతుంది...

వెనక నుంచి ఎవరో తల పట్టి లాగినట్టవుతుంది!

చీకటి. హెడ్‌సెట్ తీసి చూస్తే — కంప్యూటరు కూడా ఆరిపోయి ఉంటుంది. ప్రతిసారీ ఎడమకు తిరిగినప్పుడే.

బావ వాళ్ల పెద్దమ్మ తేల్చేసింది: "నువ్వు క్రేన్ ఎక్కడం వాడికి ఇష్టం లేదే, అమ్మాయ్!" బతికున్నన్నాళ్లూ అతని ఇష్టాన్ని ఒక్కసారీ అడగని మనిషి, పోయాక అతని తరఫున మాట్లాడడానికి బస్సెక్కి మరీ వచ్చింది.

బావ తమ్ముడు కంప్యూటర్లు చదివినవాడు. కుర్చీలో దర్జాగా కూర్చుని, హెడ్‌సెట్ పెట్టుకుని, గంటసేపు అందులో సముద్రపు చేపలు చూశాడు. "బ్రహ్మాండంగా ఉంది వదినా. లోపం మెషీన్‌లో లేదు, నీ మనసులో ఉంది." అంతటి శాస్త్రజ్ఞుడు, దిగేటప్పుడు మాత్రం మెట్ల మీద లైటు వేయించుకున్నాడు.

శనివారం రాత్రి నేను వెళ్లాను.

"భయం వెయ్యదూ?" అక్క గుసగుసలాడింది.

"ఆ పెద్దమ్మను చూశాక దెయ్యానికేం భయపడతానక్కా? నువ్వు తిరుగు."

తిరిగింది...

ఆమె తల వెనక నుంచి కంప్యూటరు దాకా వెళ్లిన కేబుల్ ఒక్కసారిగా బిగుసుకుంది. అటు తల వెనక్కి వాలింది. ఇటు కంప్యూటరు కదిలి, దాని కరెంటు ప్లగ్ వదులైంది. టప్‌మని యంత్రం ఆగిపోయింది. కుర్చీలో కూర్చున్న పండితుడికి ఇది ఎలా కనిపిస్తుంది!

ప్లగ్ సరిచేసి, ఈసారి కేబుల్ నేను పట్టుకున్నాను. అక్క తిరిగినకొద్దీ వదిలాను. బరువు యార్డులో గీసిన గీతల లోపల మెత్తగా దిగింది. మరో రెండుసార్లు కూడా.

హెడ్‌సెట్ తీసి, అక్క నా చేతినే చూస్తూ ఉండిపోయింది. అప్పుడు బావ సంగతి చెప్పింది.

సాధన చేసినప్పుడల్లా బావ వెనకే నిలబడేవాడట. ఎందుకని అడిగితే, "నువ్వు పడితే నవ్వడానికి" అనేవాడట. చివరి రాత్రి ఆమె హెడ్‌సెట్ తీసి వెనక్కి తిరిగితే, కేబుల్ అతని మోచేతికి మూడు చుట్లు చుట్టి ఉంది.

"ఏమిటది?" అందట.

"ఏం లేదు. ఆకలేస్తోంది, పద."

కేబుల్ చుట్ట చుట్టి బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ కిందికి దిగి భోంచేశారు.