సవరణ ముందు ఎవరికి?

ఆదివారం పొద్దున్న ఫిలిప్ గారింట్లో ఇడ్లీలు ఇంకా పొయ్యి మీదుండగానే వాదన మొదలైంది.

వినుకొండలో ఫిలిప్ గారిని ఎరగనివాళ్లు తక్కువ. ముప్పై ఏళ్లుగా ఒకే పత్రికకు విలేకరి. ఆయనకు కోపం వస్తే ఇంట్లో మిక్సీ కూడా ఆగాల్సిందే. కూతురు మహిమ మంగళగిరిలో ఒక చిన్న ఆన్‌లైన్ వార్తల కంపెనీలో పనిచేస్తోంది. వార్తల యాప్‌కి కొత్త టూల్స్ ఏం పెడితే బాగుంటుందో ఆలోచించి, సోమవారం మీటింగుకి తలా ఒకటి తెమ్మన్నారు. ఆ పిల్ల శనివారమే ఇంటికొచ్చి, పొద్దున్నే తనతో పనిచేసే స్నేహితురాలు నగ్మాకి వీడియో కాల్ చేసి, ఫోను నీళ్ల చెంబుకు ఆనించి పెట్టింది. తండ్రి పక్కనే కూర్చుని, వాళ్లు చెప్పినదల్లా చెప్పినట్టు కొట్టిపారేస్తున్నాడు.

"మిరపకోతకెళ్లే ఆడోళ్లకి చేతులు ఖాళీ ఉండవు నాన్నా. వాళ్ల మండలం వార్తలు చదివి వినిపించే టూల్ పెడితే ఎట్టుంటది?" అంది మహిమ.

"చదివేదెవరు?"

"కంప్యూటరే."

"ఆ గొంతు నేను విన్నాలే. చావు కబురూ, సినిమా కబురూ ఒకే గొంతుతో చదువుద్ది. మనిషి పోయాడని హుషారుగా చెప్పిందనుకో, ఆడోళ్లు ఆ ఫోను తీసి కాలవలో పారేస్తారు. ఇంకోటి చెప్పు."

ఫోన్లోంచి నగ్మా అందుకుంది. "అంకుల్, ప్రతి వార్త కింద అది ఎంతమంది చెప్పారో అంకె చూపిద్దాం. ఒకరు చెప్పిందా, పదిమంది చెప్పిందా అని."

"అంకె అడిగితే అంకే వస్తదమ్మా. ఒక్కడి దగ్గర విని పదిమందని వేసేవాళ్లు నాకు ఈ ఊళ్లోనే నలుగురు తెలుసు."

"మీరు దేనికీ ఒప్పుకోరా అంకుల్!"

"పనికొచ్చేది చెప్పండి, ఎందుకొప్పుకోను?"

సంతోషకుమారి ఇడ్లీలు తెచ్చి భర్త కంచంలో పెట్టింది. ఆవిడ బళ్లో టీచరు, ఇంట్లో మాత్రం మాట తక్కువ మనిషి. మహిమ ఒకసారి తల్లి వైపు చూసి గొంతు సర్దుకుంది.

"ఇది నా ఐడియా నాన్నా. తప్పు వార్త పడిందనుకో, సవరణ ఎక్కడేస్తారు?"

"లోపలి పేజీలో."

"ఎన్ని లైన్లు?"

"మూడో, నాలుగో."

"చదివేదెవరు?"

"ప్రూఫు చూసేవాడు," అని ఫిలిప్ గారు తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

"కదా. మా యాప్‌లో ఏ వార్త ఎవరు తెరిచారో మాకు తెలుసు. తప్పని తేలగానే వాళ్లందరి ఫోన్లకీ సవరణ వెళ్లిపోద్ది. అంతే పెద్ద అక్షరాల్లో, అంతే పెద్ద ఫొటోతో. ఎన్నేళ్ల తర్వాత ఎవరు పాత లింకు నొక్కినా ముందు సవరణే కనపడుద్ది."

ఫిలిప్ గారు నోట్లో పెట్టుకోబోయిన ముక్క కంచంలో పెట్టేశాడు. "అదీ! అదీ వార్త తెలిసినోళ్ల ఆలోచనంటే. నా కూతురు కాబట్టి వచ్చింది. నగ్మా, విన్నావా? ఇదే పెట్టండి రేపు. నమూనా చేశారా? చూపించు."

మహిమ వెంటనే చూపించలేదు. "నగ్మా, నేను మళ్లీ చేస్తానే," అని కాల్ కట్ చేసి, లాప్‌టాప్ తండ్రి వైపు తిప్పింది.

తెర మీద పాత వార్త: 'మహిమ మిల్లులో కల్తీ కారం.' కింద ఫొటోలో మిరపకాయ బస్తాల పక్కన తల వంచుకుని దానయ్య నిలబడి ఉన్నాడు.

దానయ్య అంటే సంతోషకుమారి సొంత తమ్ముడు. వినుకొండలో కారం మిల్లు పెట్టుకుని, ముద్దుగా మేనకోడలి పేరు పెట్టుకున్నాడు. తొమ్మిదేళ్ల కిందట ఆ మిల్లులో తనిఖీ జరిగింది. అధికారులు కారం శాంపిళ్లు తీసుకెళ్లారు, అంతే. మర్నాడు పొద్దున ఫిలిప్ గారి పేరుతో వార్త పడింది. రెండు నెలలకు కారంలో ఏ రంగూ కలవలేదని రిపోర్టు వచ్చింది. పత్రిక తొమ్మిదో పేజీలో మూడు లైన్లు వేసి చేతులు దులుపుకుంది. అప్పటికే గిరాకీ పోయి, మిల్లు మూతపడి, దానయ్య పెళ్లాంతో, కూతురు ఆరాధనతో పొన్నూరు వెళ్లి ఎవరిదో రైసుమిల్లులో పనికి కుదిరాడు. ఫిలిప్ గారు మాత్రం నాలుగు మైకులు దొరికినచోటల్లా 'సొంత బామ్మర్దినే వదల్లేదు' అని చెప్పుకుంటూనే ఉన్నాడు. జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఎంత సిగ్గుమాలిన చప్పట్లో ఒక్కరికీ తోచలేదు.

ఫిలిప్ గారి మొహం ఎర్రగా కందిపోయింది. "ఇదేంది?"

"నమూనా నాన్నా."

"లోకంలో ఇంకో తప్పు వార్తే దొరకలేదా నీకు?"

"ఆరాధన ఇంట్లో కారం పట్టి అమ్ముదామనుకుంది నాన్నా. గుంటూరులో ఒక పెద్ద షాపు వాళ్లు తీసుకుంటామన్నారు. పోయిన వారం ఫోన్ చేసి వద్దన్నారు. మావయ్య పేరు కొట్టి చూస్తే ఇదే వచ్చిందంట. ఆ మూడు లైన్లు ఎక్కడా రావట్లేదు. అది నాకు ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది."

"అందుకని నన్ను తీసుకెళ్లి మీ మీటింగులో బోనెక్కిస్తావా? నేను రాసింది 'అనుమానం' అనే. హెడ్డింగు నేను పెట్టలా, డెస్కు వాళ్లు పెట్టారు!"

"పేరు నీదే ఉంది కదా."

ఆయన కంచం తోసేశాడు. ఇడ్లీ ముక్క వెళ్లి గోడకు తగిలింది. "ముప్పై ఏళ్లు ఒక్కడి దగ్గర టీ నీళ్లు కూడా తాగకుండా పనిచేశా. నా ఇంట్లో నా కూతురే నన్ను దొంగని చేస్తదా? తీసెయ్ అది. తియ్యకపోతే ఈ గుమ్మం తొక్కొద్దు!"

"దాన్ని గుమ్మం తొక్కొద్దనడానికి మీరెవరు?"

ఆ మాట అన్నది సంతోషకుమారి. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. తండ్రీ కూతుళ్లిద్దరూ ఉలిక్కిపడ్డారు. పాతికేళ్ల పైబడ్డ కాపురంలో ఆ ఇంట్లో అంత గొంతు ఆయనది తప్ప ఎవరిదీ లేవలేదు.

"నువ్వు ఊరుకో. నీకు పత్రిక సంగతులు తెలీవు."

"ఒక్క సంగతి చెప్పండి, మళ్లీ నోరెత్తను. ఆ వార్త రాసే ముందు మా తమ్ముడికి ఒక్క ఫోను చేశారా?"

"చెయ్యలా!"

"ఎందుకని? ఎవడి మీద రాసినా వాడి వివరణ తీసుకోవాలని కుర్రాళ్లకి మీరే పాఠాలు చెప్తారుగా. వాడి దగ్గరెందుకు తీసుకోలా?"

"చేస్తే మెత్తబడతానని చెయ్యలా! బామ్మర్దని వెనకేసుకొచ్చాడు అంటారని చెయ్యలా!"

"ఎవరంటారు?"

"ఊరంటది!"

"ఊరు ఏదో అంటదని వాడి నోరు నొక్కేశారు. పరాయోడైతే అడిగేవాళ్లు. మావాడు కాబట్టి అడగలా. దానికి నిజాయితీ అని పేరు పెట్టుకుని తొమ్మిదేళ్లు దండలేయించుకున్నారు. ఛీ!"

మహిమ లేచి తల్లి భుజం మీద చెయ్యి వేయబోయింది. సంతోషకుమారి ఆ చెయ్యి తీసేసింది.

"నువ్వూ ఆగు. నీ టూలు కూడా ఏం బాగోలేదు. చదివినోళ్లందరికీ సవరణ పంపుతావు, సరే. ఎవడి గురించి తప్పు రాశారో, వాడికి ముందు ఎవరు చెప్తారు? అందరితోపాటు వాడి ఫోనూ టింగుమంటదా? తప్పు రాసినోడు వాడి గుమ్మం ఎక్కక్కర్లేదా?"

మహిమ బిక్కమొహం వేసింది. "అది టూల్‌లో ఎట్టా పెడతామమ్మా?"

"పెట్టలేవు. అది మనిషి చెయ్యాల్సిన పని."

ఫిలిప్ గారు టవల్ భుజాన వేసుకుని విసురుగా లేచాడు. "అయిపోయిందా తీర్పు? చర్చికి టైమవుతోంది. ఇవాళ మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంది. పద, తయారవ్వు."

"తయారై నేనేం చెయ్యాలి? రొట్టె, ద్రాక్షరసం ముట్టుకుని తొమ్మిదేళ్లయింది."

"ఏంటీ?"

"మీ మీద ఇంత కోపం గుండెల్లో పెట్టుకుని ఆ రొట్టె ఎట్టా ముట్టుకోమంటారు? అందరూ లేచి బల్ల దగ్గరికి వెళ్తారు. నేను నా చోట్లోనే కూర్చుంటా, నెలనెలా."

"అబద్ధం. నాకు తెలీకుండా..."

"మగాళ్లు కుడివైపు, ఆడాళ్లు ఎడమవైపు. ఒక్కసారి తల తిప్పి చూస్తేగా తెలిసేది! పాస్టరు గారికి తెలుసు. ఆడోళ్లందరికీ తెలుసు. పాలు పోసే వెంకటరావమ్మకి కూడా తెలుసు, ఆవిడది మన సంఘం కూడా కాదు. మీ కోపానికి జడిసి ఎవరూ చెప్పలా. ఊళ్లో వార్తలన్నీ మీకు కావాలి. మీ పెళ్లాం తొమ్మిదేళ్లుగా బల్ల దగ్గరికి లేవట్లేదని మీకొక్కరికే తెలీదు."

ఆవిడ గరిటె గూట్లో పడేసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఫిలిప్ గారు నిలబడ్డచోటే కుర్చీలో కూలబడ్డాడు. ముప్పై ఏళ్లలో ఎందరి గురించో రాసిన మనిషికి పక్కనున్న మనిషి గురించి ఒక్క ముక్క తెలియలేదు. ఆయన కోపం అంతా ఎటు పోయిందో, మిగిలింది సిగ్గు ఒక్కటే.

కాసేపటికి లేచి, చొక్కా వేసుకున్నాడు.

"పొన్నూరుకి నేరుగా బస్సుందా?" అన్నాడు ఎవరినీ చూడకుండా.

"గుంటూరులో మారాలి," అంది సంతోషకుమారి. మొహం కడుక్కుని వచ్చి చెప్పులేసుకుంది. "నేనూ వస్తున్నా."

"నాన్నా, నమూనా వేరేది పెట్టుకోనా?" అంది మహిమ, గుమ్మం దగ్గర.

"అదే ఉంచు. మార్చావంటే ఊరుకోను!"

పొన్నూరు బస్సెక్కాక ఆయన, "నన్ను లోపలికి రానిస్తాడంటావా?" అని అడిగాడు. "నేనైతే రానివ్వను," అందావిడ. అని, టిక్కెట్టుకు ఆయన చేతిలోని చిల్లర తనే తీసి కండక్టరుకిచ్చింది.

దానయ్య అప్పుడే చర్చి నుంచి వచ్చి తెల్లచొక్కా విప్పుతున్నాడు. తలుపు తీసిన ఆరాధన, "అత్తా!" అని నవ్వబోయి, వెనకున్న ఫిలిప్ గారిని చూసి ఆగిపోయింది.

"అక్కా, నువ్వు లోపలికి రా," అన్నాడు దానయ్య. "ఈయన్ని ఎందుకు తెచ్చావ్?"

"తనే వచ్చాడురా."

"ఎందుకొచ్చాడు? ఇక్కడేం మిల్లు లేదే మూయించడానికి! మా పిల్ల కారం డబ్బాలున్నాయి, చూస్తావా బావా? ఫొటో తీసుకుంటావా?"

"దానయ్యా, తప్పు చేశాన్రా," అన్నాడు ఫిలిప్ గారు, గుమ్మం బయటే నిలబడి.

"తప్పని మూడు లైన్లలో చెప్పారుగా. మళ్లీ నోటితో చెప్పడానికి వచ్చావా? వెళ్లు బావా, నా నోటికి పని చెప్పకు."

ఆయన వెళ్లలేదు. దానయ్య గొంతు ఇంకా పెరిగింది. చుట్టుపక్కల వాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు.

"రాసినందుకు కాదు బావా నా బాధ! వాళ్లు శాంపిళ్లు తీసుకెళ్లిన సాయంత్రం ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా. అన్నం తినమంటే మీ చెల్లెల్ని కసిరా. బావ చేస్తాడు, ఏం జరిగిందిరా అని అడుగుతాడు, అన్నీ చెబుదామని కూర్చున్నా. నాకై నేను చేస్తే రాయొద్దని బతిమాలినట్టు ఉంటది, నీకు మాటొస్తదని చెయ్యలా. తెల్లారి పేపరొచ్చేదాకా అట్టాగే ఉన్నా బావా. నువ్వు చేస్తావనే!"

ఆరాధన వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది.

ఫిలిప్ గారు జేబులోంచి పాకెట్ బుక్కు తీశాడు. పెన్ను మూత విప్పబోతే అది జారి కిందపడింది. దాన్ని వెతుక్కోకుండా గుమ్మంలోనే, నేల మీద చతికిలబడ్డాడు.

"ఇప్పుడడుగుతున్నా. అప్పుడు అడగాల్సింది," అన్నాడు. కళ్లజోడు లోపలి నుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. "ఆ రోజు మిల్లు దగ్గర ఏం జరిగిందో చెప్పు. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తా. నీకు చదివి వినిపించి, నువ్వు సరే అన్నాకే పంపుతా."

దానయ్య వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"పదకొండింటికి వచ్చారు," అన్నాడు. "నేను గుంటూరు మిర్చి యార్డు నుంచి తెచ్చిన కాయ దించుకుంటున్నా. అడక్కముందే నేనే మూట విప్పి చూపించా."

ఫిలిప్ గారు రాసుకుని, బిగ్గరగా చదివాడు. "'అధికారులు అడగ్గా మూట విప్పి చూపించాడు.'"

"అడగ్గా కాదు బావా," అన్నాడు దానయ్య. "అడక్కముందే."

సంతోషకుమారి గోడకు ఆనుకుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఫిలిప్ గారు ఆ మాట కొట్టేసి, మళ్లీ రాశాడు.