చర్చి చూడని వెండి

వెట్లె దగ్గర వెండి పతకం కొనాలంటే ముందు అతని చేత నాలుగు మాటలు పడాలి. ఉత్తరాన ఆ మంచు లోయలో అందరికీ అది అలవాటే.

"మెరుపు చూసి ఎంచుకుంటావేంటమ్మా? మెరుపు నా చేతిగుడ్డలో ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడిస్తాను. బొమ్మ చూసుకో" అనేవాడు, మెడ దగ్గర గుచ్చుకునే పిన్ను పతకాలు పళ్ళెంలో పరుస్తూ. వాటి మీద అన్నీ చర్చి రాకముందటి పాత దేవుళ్ళ కథల బొమ్మలే. ఒంటికన్ను దేవుడి బొంతకాకులు రెండూ దూరం పోయే మగవాళ్ళకి. వెళ్ళినవాళ్ళ కబురు మోసుకొస్తాయి. ఉరుముల దేవుడి మేకలు కొత్త కాపురానికి. కోసుకు తిన్నా తెల్లారేసరికి మళ్ళీ లేచి నిలబడతాయి గనక వంటింట్లో లోటుండదు. లోకమంతా చుట్టుకుని తన తోక తనే కరుచుకున్న మహాసర్పం మాత్రం ఇల్లు విడవకూడని వాళ్ళకి. ఎంచుకోవడం అయ్యాక ఇంకో పాఠం మొదలు. గుడ్డు తిన్న చేత్తో ముట్టుకోకు, ఉన్నిలో చుట్టకు, నారగుడ్డలో చుట్టు, గీతల్లో ఉన్న నలుపుని గీకెయ్యకు, ఆ నలుపుంటేనే బొమ్మ కనిపిస్తుంది. ఇంత చెప్పేవాడు, తన ఇంట్లో తనే తప్పు చేశాడు.

అది జనవరి. నవంబరులో కొండ వెనక్కి జారుకున్న సూర్యుడు ఫిబ్రవరి దాకా ఆ లోయకి మొహం చూపించడు. మధ్యాహ్నం మూడయ్యిందంటే దీపం లేనిదే ఎవరి చెయ్యి వాళ్ళకి కనపడదు. వెట్లె కూతురు ఓస్నె పురిటి మంచం మీద ఉంది. అల్లుడు పై అడవుల్లో చెట్లు నరకడానికి పోయాడు, మంచు కరిగితే గానీ దిగడు. పాపకి పదమూడో రోజు. మూడు వారాలకోసారి వచ్చే పాస్టరుగారు మర్నాడు ఆదివారం వస్తున్నారు. బాప్తిస్మం, పేరు, రెండూ అప్పుడే. అంతవరకూ అది పేరు లేని పిల్ల.

పేరు లేని పిల్లని కొండలోపలి వాళ్ళు అడక్కుండా తీసుకుపోతారనీ, తమ పిల్లని ఆ చోట పడుకోబెట్టి పోతారనీ అక్కడ పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలుసు. అందుకే పుట్టిన గంటలోనే పొత్తిగుడ్డల మీద వెండి గుచ్చుతారు. వెట్లె ఇంట్లో ఆ వెండి ఒక పాత సర్పం పతకం. అతనికీ అదే గుచ్చారు, అతని తండ్రికీ అదే. ఎవరి చేతి పనో ఎవరికీ తెలియదు. తరతరాల పాలు, చెమట, పొయ్యి మసి పట్టి అది బొగ్గుముక్కలా ఉండేది.

ఆ శనివారం మధ్యాహ్నం పక్కింటి గున్‌వోర్ ముసలమ్మ బాలింతకి మీగడ జావ పట్టుకుని వచ్చింది. ఓస్నెకి పురుడు పోసింది ఆవిడే. పాపని చూసి, పతకాన్ని చూసి, నవ్వింది.

"ఒరే వెట్లే, రేపు చర్చిలో ఊరంతా చూస్తుందిరా. చేసేది వెండి పని, మనవరాలి ఒంటిమీద బొగ్గు."

వెట్లెకి ఆ మాట చురుక్కుమంది. "అంతకన్నా మంచిది ఉంది పెద్దమ్మా" అని, తను మొన్ననే పూర్తి చేసిన బొంతకాకుల పతకం తెచ్చి చూపించాడు.

"కాకిపిల్ల కాకికి ముద్దు" అంది గున్‌వోర్. "బాగానే ఉంది. చర్చి చూసిందా ఇది?"

"పొయ్యి చూసింది, సుత్తి చూసింది. చర్చి ఎక్కడ చూస్తుంది, పుట్టి వారమేగా."

"అయితే దీనికీ పాపకీ తేడా ఏముందిరా? ఇద్దరికీ బాప్తిస్మం నీళ్ళు పడలేదు. ఇంకో బిడ్డ మీదుండి చర్చికి పోయొచ్చిన వెండైతేనే వాళ్ళు దగ్గరికి రారు. నేనేదో నోటి దురదకి అన్నాను, రేపటిదాకా ఆ పాముని కదపకు." ఆవిడ తలకి గుడ్డ కట్టుకుని, పశువులకి మేత వేసి సాయంత్రం వస్తానని వెళ్ళిపోయింది.

ఓస్నె జావ తాగి నిద్రపోయింది. పాప తొట్టిలో మెలకువగా ఉంది. వెట్లె వంగి చూస్తే చెయ్యి చాపి అతని బొటనవేలు పట్టుకుంది. గట్టి పట్టు. యాభై ఏళ్ళు సుత్తి పట్టిన వేలు అది, అయినా విడిపించుకోవడానికి మనసు రాలేదు. ఇంత బంగారు తల్లిని రేపు నలుగురూ చూసి వెట్లె పిసినారి అని నవ్వుకుంటే? అరగంట పని. వెండి వెండే కదా అనుకున్నాడు. పాముని విప్పి, ఆ చోటనే కాకుల్ని గుచ్చి, పిన్ను గట్టిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. పెరడు దాటి పనిగదిలోకి వెళ్ళాడు.

బూడిదనీళ్ళు కాగపెట్టి పతకాన్ని అందులో వేశాడు. తీసి, సుద్దపొడి సారాలో తడిపి, మెత్తటి కుంచెతో రుద్దడం మొదలుపెట్టాడు. నలుపు పోతున్నకొద్దీ కింద నుంచి పొలుసులు బయటపడ్డాయి. ఒక్కొక్క పొలుసు మీద వెంట్రుకంత గీత. వెట్లె కళ్ళజోడు పైకి తోసుకుని, మళ్ళీ కిందికి దించుకుని చూశాడు. ఇంత పని తన జన్మలో తను చెయ్యలేదు, చెయ్యలేడు. ఆ ముచ్చటలో టైము మర్చిపోయాడు. అరగంట గంటయింది. గంట దాటింది.

మధ్యలో ఇంట్లోంచి చప్పుడు వినిపించింది. టక్... టక్... తొట్టి ఊగుతోంది. దానితోపాటు సన్నటి కూనిరాగం.

ఓస్నె లేచింది కాబోలు అనుకున్నాడు. నిశ్చింతగా పాము తలకాయ దగ్గర రుద్దుతూ కూర్చున్నాడు. జోల పాట సాగుతూనే ఉంది. మాటల్లేవు. అవే మూడు స్వరాలు, మళ్ళీ అవే. ఎంతసేపటికీ ఆగలేదు. అప్పుడు తట్టింది అతనికి. పాడేవాళ్ళు ఎవరైనా మధ్యలో ఊపిరి తీసుకుంటారు. ఈ పాటలో ఆ ఖాళీ ఎక్కడా లేదు...

కుంచె చేతిలోంచి జారింది. అదే క్షణాన పాట ఆగిపోయింది.

పెరట్లో మంచు మోకాలి లోతు. నాలుగడుగుల పెరడు ఆ పూట ఎంతకీ తరగలేదు. తలుపు తియ్యగానే వాసన కొట్టింది. తడిమట్టి వాసన. నేల రెండడుగుల లోతు గడ్డకట్టిన జనవరిలో, అప్పుడే తవ్వినట్టు, వేర్లు తెగినట్టు పచ్చి మట్టి వాసన. దీపం చిన్నదై వణుకుతోంది. ఓస్నె గోడవైపు తిరిగి పడుకుంది. జావ తాగి పెట్టిన గిన్నె ఆమె చేతి పక్కనే, కదలకుండా. ఆమె లేవలేదు. అసలు లేవనే లేదు...

తొట్టి ఇంకా ఊగుతోంది.

కాకుల పతకం కిటికీ గట్టు మీద ఉంది. ఎవరో విప్పి, పిన్ను మళ్ళీ జాగ్రత్తగా మూసి, బొమ్మ పైకి కనపడేలా పెట్టారు.

వంగి చూశాడు. అదే ముక్కు. అదే నుదురు. చెవి వెనక అదే పుట్టుమచ్చ. ఎత్తుకున్నాడు. చేతులు కిందికి దిగిపోయాయి, అంత బరువు. గుప్పిట్లోనే ఉండిపోయిన సర్పాన్ని ఆదరాబాదరా గుచ్చబోతే పిన్ను జారి పిల్ల భుజంలో దిగింది. ఏడుస్తుందేమో అని చూశాడు. ఏడవలేదు. రెప్ప కూడా వెయ్యలేదు. అతన్నే చూస్తోంది... చాలా రోజుల్నుంచి తెలిసినవాణ్ణి చూసినట్టు.

అప్పుడు వినిపించింది ఏడుపు. ఇంట్లోంచి కాదు. ఇంటి వెనక కొండలోంచి. ఆకలి ఏడుపు, నాలుగు కేకలకోసారి ఎక్కిళ్ళు. పదమూడు రోజులుగా అర్ధరాత్రీ అపరాత్రీ అతన్ని లేపిన ఏడుపు అదే. పిల్లని తొట్టిలో పెట్టి పరుగెత్తాడు. కొండరాతికి చెవి ఆనించాడు. ఏడుపు లోపలే. జానెడు రాయి అవతల. గోళ్ళు ఊడేలా గీకాడు. "ఇక్కడే ఉన్నానే తల్లీ" అన్నాడు. ఏడుపు ఒక్క క్షణం ఆగింది, గొంతు గుర్తుపట్టినట్టు. మళ్ళీ మొదలై, నెమ్మదిగా లోపలికి... ఇంకా లోపలికి పోయింది.

గున్‌వోర్ లాంతరుతో వచ్చేసరికి అతను మంచులో మోకాళ్ళ మీద ఉన్నాడు. ఏం జరిగిందో ఆవిడకి అర్థమైపోయింది.

"తీశావా?" అంది గుసగుసగా.

"అరగంటే అనుకున్నాను పెద్దమ్మా."

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లాంతరు మంచులో పెట్టి పక్కనే కూర్చుంది. "ఒకటే దారి. ఇంట్లో ఉన్నదాన్ని ఏడిపించాలి. కొట్టు, మంచులో పడెయ్యి, ఏదో చెయ్యి. వాళ్ళ బిడ్డ ఏడుపు వాళ్ళు ఓర్చుకోలేరు, మనదాన్ని తెచ్చి దించుతారు. రేపు నీళ్ళు పడేలోపే. నీళ్ళు పడ్డాయా, ఆ పేరు దీనిదైపోతుంది. మనదాన్ని పిలవడానికి ఇంక పేరే ఉండదు."

వెట్లె లేచాడు. గుమ్మం పక్కనున్న కట్టె తీసుకునే లోపలికి వెళ్ళాడు. ఓస్నె లేచి కూర్చుని ఉంది. పిల్ల ఆమె రొమ్ము దగ్గర ఉంది.

"నాన్నా, చూడు" అంది మెల్లగా, పిల్ల బెదురుతుందేమోనని. "ఇవాళే మొదటిసారి కడుపునిండా తాగింది. ఎక్కిళ్ళు కూడా లేవు." పురుడు వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. "ఆ కట్టె ఎందుకు?"

"పొయ్యిలోకి" అన్నాడు. పొయ్యిలో పెట్టేశాడు. అతని చేత కాలేదు. ఎవరి చేతనైనా అవుతుందేమో గానీ, వెట్లె చేత కాలేదు.

దుకాణంలో ఉన్న వెండంతా దుప్పట్లో మూటకట్టుకుని కొండ దగ్గరికి మోశాడు. కాకులు, మేకలు, పాములు, పెళ్ళికూతుళ్ళ కిరీటం, అన్నీ రాతి ముందు మంచు మీద పరిచాడు. "ఇవన్నీ తీసుకోండి. నన్ను తీసుకోండి. దాన్నివ్వండి" అన్నాడు. గున్‌వోర్ అతని చెయ్యి పట్టుకుని, "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభంరా" అని ఏడ్చింది. రాయి పలకలేదు.

తెల్లవారకముందు మంచు కురిసింది. దీపం పట్టుకుని వెళ్ళి చూస్తే, చుట్టూ జానెడు మంచు పడింది గానీ వెండి మీద ఒక్క రవ్వ లేదు. ఒక్కటీ పోలేదు. పోకపోగా ఒకటి ఎక్కువైంది. బొటనవేలి గోరంత పతకం. దాని మీద పసిపిల్ల ముఖం. వెనక్కి తిప్పితే వెట్లె ముద్ర ఉంది, అతను తన చేత్తో కొట్టే ముద్ర. అతను అది ఎన్నడూ చెయ్యలేదు.

చర్చిలో పాస్టరుగారు పిల్ల పేరేమిటని అడిగారు. ఓస్నె తండ్రి వైపు చూసింది. చనిపోయిన వాళ్ళమ్మ పేరు పెట్టాలని, ఆ పేరు అతని నోటితోనే చెప్పించాలని ముందే అనుకున్నారు. ఇది మన పిల్ల కాదని ఒక్క మాట అంటే చాలు. కూతురి ముఖంలోని ఆ వెలుగు చూసి ఆ మాట మింగేశాడు. గున్‌వోర్ తల వంచుకుంది.

"రన్‌వై" అన్నాడు వెట్లె.

నీళ్ళు పడ్డాయి. పిల్ల ఏడవలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని ఊరంతా మెచ్చుకుంది. తళతళలాడే సర్పాన్ని కూడా మెచ్చుకున్నారు.

రన్‌వైకి ఇప్పుడు ఏడేళ్ళు. మంచి పిల్ల. తల్లికి పనుల్లో సాయం చేస్తుంది, తాతకి కొలిమి ఊదుతుంది. తలుపులో వేలు నలిగినప్పుడు ఏడవలేదు, గున్‌వోర్ పోయినప్పుడూ ఏడవలేదు. మా అమ్మాయికి గుండె ధైర్యం ఎక్కువ అని ఓస్నె మురిసిపోతుంది. వెట్లె అవునంటాడు.

ఆ గోరంత పతకాన్ని అతను ఎవరికీ చూపించలేదు. నారగుడ్డలో చుట్టి పనిబల్ల సొరుగులో దాచాడు. శనివారం శనివారం విప్పి చూస్తాడు. దాని మీద ఉన్నది ఇప్పుడు పసిపిల్ల ముఖం కాదు. బుగ్గలు తగ్గి, జుట్టు పెరిగి, ముందుపళ్ళు రెండు ఊడిన ఏడేళ్ళ పిల్ల. ఏ వెండైనా అంతటా సమంగా నల్లబడుతుంది. ఇది అలా కాదు. రెండు కళ్ళ కింద నుంచి గడ్డం దాకా రెండే రెండు నల్లటి చారలు. వెట్లె సుద్దపొడితో తుడుస్తాడు. వారం తిరిగేసరికి మళ్ళీ ఉంటాయి. ఏడేళ్ళుగా ఆ రెండు చారలూ తుడవడమే కొండలోపలున్న ఆ పిల్లకి అతను చెయ్యగలిగింది.

పోయిన శనివారం సుద్దపొడి తడుపుకుని, గుడ్డ విప్పాడు. చారల్లేవు. వెండి శుభ్రంగా ఉంది. ఏడేళ్ళుగా తెరిచే ఉన్న కళ్ళు మూసుకుని ఉన్నాయి.