మూసి ఉన్న శవపెట్టె

హాస్టల్ మేట్రన్ కనిపించడం లేదు. నిన్న రాత్రి ఇంటికి చేరలేదు. ఫోన్ స్విచాఫ్.

ఉదయం ఇన్‌స్పెక్టర్ లాబీలో అడుగుపెట్టేసరికి ఎదురుగా ఒక పాడుబడ్డ కోట కనిపించింది. నల్ల అట్టతో కట్టిన కోట. దూదితో సాలెగూళ్ళు. కోరలున్న చంద్రుడు. గోడ నిండా అరచేతంత అట్ట శవపెట్టెలు, ఒక్కో పెట్టెలో ఒక్కో ఉద్యోగి ఫోటో. వంటావిడకు మంత్రగత్తె టోపీ. వాచ్‌మన్‌కు ఎముకల చొక్కా.

నవ్వించడానికి చేసిందే. ఇన్‌స్పెక్టర్‌కు మాత్రం నవ్వు రాలేదు.

అన్ని మూతలూ తెరిచి ఉన్నాయి. ఒక్కటి మాత్రం మూసి ఉంది. దాని పక్కనే మేకుకు ఒక కాగితపు గబ్బిలం వేలాడుతోంది.

"ఏమిటిదంతా?"

"మా స్టాఫ్ బోర్డు మేడమ్," అన్నాడు వార్డెన్. "స్టూడెంట్ లీడర్ చేసింది. డ్యూటీకి రాగానే మూత తెరవాలి, వెళ్ళేటప్పుడు మూయాలి. ఆ రూల్ నాదే."

"మూసి ఉన్నదెవరిది?"

"మేట్రన్‌ది."

వెనక నిలబడ్డ మేట్రన్ చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వాచ్‌మన్ కొత్తగా చేరినవాడు. "టీకి వెళ్ళొచ్చానండీ. ఆవిడ వెళ్ళడం చూళ్ళేదు. మూత మూసుంది కదా, వెళ్ళిపోయారనుకున్నా."

"అట్టముక్కని నమ్మి గేటుకి తాళం వేశావన్నమాట!"



"వాడి తప్పేం లేదు," అన్నాడు వార్డెన్. "నిన్న పనుండి నేనూ రాత్రిదాకా ఉన్నాను. నా కళ్ళముందే మూత మూసి, 'వస్తాను సర్' అని వెళ్ళింది."

"బిల్డింగంతా వెతికారా?"

"గదులన్నీ వాచ్‌మన్ చూశాడు. కింద స్టోర్ నేనే చూశాను."

"మీకూ ఆవిడకీ గొడవేమైనా?"

"మాకా? ఛ!"

"అబద్ధం!" చెల్లెలి గొంతు పైకి లేచింది. "వెనక ఎమర్జెన్సీ తలుపుకి గొలుసు వేయించాడు మేడమ్. 'మంటలంటుకుంటే పిల్లలు ఎటు పోతారే? ఇవాళ ఆఖరిసారి చెప్తా, వినకపోతే పైవాళ్ళకి చెప్పేస్తా' అని నిన్న పొద్దున అంది మా అక్క."

"దొంగతనాలు జరక్కుండా వేయించాను. ఆవిడకి ప్రతిదీ భూతద్దంలోనే కనిపిస్తుంది."

ఇన్‌స్పెక్టర్ అతని మాటలు వినడం లేదు. అతను నిలబడ్డ తీరు చూస్తోంది. అందరి చూపులూ ఉండుండి ఆ మూత మీదికి పోతున్నాయి. అతనొక్కడే బోర్డుకు వీపు పెట్టి నిలబడ్డాడు. భయపడ్డ మనిషి చుట్టూ చూస్తాడు. ఇతను ఒక్క వైపు తప్ప అన్ని వైపులా చూస్తున్నాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. వేళ్ళకు జిగురు మరకలతో స్టూడెంట్ లీడర్ దిగి వచ్చింది. బోర్డు చూసి ఆగిపోయింది.

"ఇదెవరు మూశారు?"

"మేట్రన్ గారే," అన్నాడు వాచ్‌మన్.

"ఆంటీయా? చచ్చినా మూయరు!"

అనేసి నాలుక కరుచుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "మొదటిరోజే అన్నారు మేడమ్, 'బతికుండగా నా పెట్టె మూత నేనే మూసుకోవాలా? పాడె కూడా నేనే మోసుకుంటాలే' అని. అందుకే ఆ గబ్బిలం చేసిచ్చాను. వెళ్ళేటప్పుడు తన ఫోటో మీద తగిలిస్తారు. పొద్దున అందరికన్నా ముందే వచ్చి, తీసి మేకుకి పెడతారు."

ఇన్‌స్పెక్టర్ వార్డెన్ వైపు తిరిగింది. "రోజూ మీరు ఎన్నింటికి వెళ్తారు?"

"అయిదింటికి."

"ఆవిడ?"

"ఎనిమిదికి."

"అంటే ఆవిడ వెళ్ళడం మీరు ఏనాడూ చూడలేదు. రూల్ పెట్టారు, అందరూ పాటిస్తున్నారనుకున్నారు. గబ్బిలం సంగతి మీకు తెలీదు. అది ఇంకా మేకు మీదే ఉంది. ఆవిడ ఈ బిల్డింగ్ దాటలేదు." చెయ్యి చాచింది. "స్టోర్ తాళంచెవి."

వార్డెన్ జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు.

కింద మెట్ల దగ్గర, కోట కట్టగా మిగిలిన నల్ల అట్టల వెనక మేట్రన్ పడి ఉంది. తల కింద రక్తం గడ్డకట్టింది. ఇన్‌స్పెక్టర్ ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి వెచ్చగా తగిలింది.

"అంబులెన్స్!"

పైన బెంచీ మీద వార్డెన్ కూలబడ్డాడు. "గొలుసు తీయమని చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాను. అంతే, మెట్ల మీంచి పడిపోయింది. ప్రాణం పోయిందనుకున్నాను."

"మూత మూసింది వాచ్‌మన్‌ని నమ్మించడానికేనా?"



"అదొకటి. పైకొచ్చేసరికి ఆ ఫోటో... నన్నే చూస్తోంది."

స్ట్రెచర్ లాబీ దాటుతుండగా మేట్రన్ వేలు కొద్దిగా కదిలింది. మోసేవాళ్ళు ఆగారు. కళ్ళు తెరిచిన ఆవిడ చూపు బోర్డు మీద ఉంది.

చెల్లెలికి అర్థమైంది. వెళ్ళి మూత తెరిచింది. మేకు మీది గబ్బిలాన్ని తీసి అక్క ఫోటో మీద తగిలించింది.

"డ్యూటీ అయిపోయింది," అంది మేట్రన్, వినీ వినపడనట్టు. "ఆ గొలుసు తీయించవే."