అతుకు కనపడని కోటు

తెల్లవారుజాము నుంచీ ముసురు. పొయ్యి మీద పాలున్నాయి. బడి వ్యాను రావడానికి ఇంకా పది నిమిషాలుంది. మనవరాలు ఒక కాలికే మేజోడు తొడుక్కుని ఇల్లంతా తిరుగుతోంది. పెద్దావిడ మాత్రం కుట్టుమిషను ముందు కదలకుండా కూర్చుని, ఎదురుగా కొక్కేనికి వేలాడుతున్న చిన్న కోటు వైపు చూస్తోంది.

ఆ కోటు ఒక బొమ్మది. కోడలు కార్ల కంపెనీలో పరీక్షల ఇంజనీరు. మనిషి అడ్డం వస్తే కారు దానంతటదే ఆగుతుందో లేదో చూడటానికి, ఐదేళ్ల పిల్లంత బొమ్మను కారుకు అడ్డంగా నడిపిస్తారు. దానికి రెండు జతలు కావాలంటే అత్తగారి చేత కుట్టించింది. ఎండ పరీక్షలకు పసుపు గౌను, వానా మసకా పరీక్షలకు బూడిద రంగు రెయిన్ కోటు. పెద్దావిడ మనవరాల్నే నిలబెట్టి కొలతలు తీసుకుంది.

పసుపు గౌను మళ్లీ గడప తొక్కలేదు. కోటు మాత్రం ఏడాదిగా వస్తూనే ఉంది. ఎప్పుడూ ఒకే చోట చిరుగు. ఎడమ పక్క, నడుముకు నాలుగు వేళ్ల కింద. ఆవిడ చిరిగిన మేరకు కత్తిరించి, కొత్త ముక్క వేసి, అతుకెక్కడో తనే పోల్చుకోలేనంత నున్నగా కుట్టేది. తీసేసిన ముక్కలు బిస్కెట్ల డబ్బాలో పడేసేది. గుడ్డముక్క పారేయడం ఆవిడ చేత కాదు.

ఈ మధ్య ఆ కోటును భుజాలు పట్టి ఎత్తడం మానేసింది. అలా ఎత్తితే లోపల ఎవరో ఉన్నంత బరువనిపిస్తోంది.

"నానమ్మా, చిట్టికి నొప్పేసిందా?" కోటు వచ్చినప్పుడల్లా పిల్లది ఇదే ప్రశ్న. బొమ్మకి చిట్టి అని పేరు పెట్టింది కూడా అదే.

"బొమ్మకి నొప్పేంటే? రెండో మేజోడేదీ?"

"మనింట్లో నాకంటే బొమ్మకే జాగ్రత్తలెక్కువ," అన్నాడు కొడుకు అద్దం ముందు గడ్డం గీసుకుంటూ. ఫ్రిజ్జులు బాగుచేసే పని అతనిది. "నా చొక్కా గుండీ ఊడి నెలైంది."

"నీ గుండీ ఎక్కడికీ పోదులేరా," అని, పెద్దావిడ బల్ల కింద నుంచి ఒక పొట్లం తీసింది. "ఇలా రా తల్లీ. మిగిలిన గుడ్డతో నీకూ ఒకటి కుట్టాను."

పిల్లది కోటు వేసుకుని, టోపీ తల మీదికి లాక్కుని, వాన చూద్దామని గుమ్మంలోకి పరిగెత్తింది.

సగం జడతో, చేతిలో ఫైలుతో గదిలోంచి వచ్చిన కోడలు అక్కడే ఆగిపోయింది. గుమ్మంలో, వాన వెలుతురులో, వెనక్కి తిరిగి నిలబడిన బూడిద రంగు కోటు. ఫైలు జారి కాగితాలు చెల్లాచెదురయ్యాయి. ఒక్క అంగలో వెళ్లి పిల్ల ఒంటి మీది కోటు లాగేసింది. ఒక గుండీ తెగి నేల మీద దొర్లింది. పిల్లది బిక్కచచ్చి, ఆ తర్వాత బావురుమంది. వీధిలో వ్యాను హారన్ కొట్టి, కొట్టి, వెళ్లిపోయింది.

"మిగిలిన గుడ్డతో కుట్టానని నామోషీగా ఉందా? ఆ మాట నోటితో చెప్పొచ్చుగా," అంది పెద్దావిడ.

"అది కాదత్తయ్యా."

"మరేంటి? పసిదాన్ని అలా గుంజుతావా?"

"దాన్ని ఆ కోటులో నేను చూడలేను." కోడలు నేల మీద కూలబడింది. "ఏడాదిగా చూస్తున్నాను. పరీక్షల గది అద్దం వెనక కూర్చుని. బూడిద కోటు, వాన, మసక. బొమ్మ వస్తుంది. కారు ఆగదు."

పొయ్యి మీద పాలు పొంగి మాడుతున్న వాసన వచ్చింది. కొడుకే వెళ్లి ఆపి వచ్చాడు.

పెద్దావిడ ఫైల్లోంచి నేల మీద పడ్డ పుస్తకం తీసింది. కారు కొనేవాళ్లకిచ్చే రంగుల పుస్తకం. అట్ట మీద పసుపు గౌనులో చిట్టి. కింద లావు అక్షరాలతో: బొమ్మను ఢీకొన్నవి, సున్నా.

"సున్నా ఏంటి?"

"పసుపు గౌనుతో చేసినవే పరీక్షలట. కోటుతో చేసినవి ప్రాక్టీసట. ప్రాక్టీసు జనానికి చూపించక్కర్లేదట. ఈవేళ పదకొండింటికి రోడ్డు భద్రత వాళ్లొస్తున్నారు. చేసిన పరీక్షలన్నీ బయటపెట్టామన్న కాగితం మీద నేను సంతకం పెట్టాలి."

"మిగతా ఇద్దరు ఇంజనీర్లూ పెట్టేశారుగా," అన్నాడు కొడుకు మెల్లగా. "నువ్వు పెట్టకపోతే కారు ఆగుతుందా? ఉద్యోగం ఆగుతుంది."

"నువ్వుండు," అంది పెద్దావిడ. "మరి కొనేవాడికి తెలియదా, వానలో ఆగదని?"

"తెలియదు. అదే చూసుకుంటుందిలే అని ధీమాగా కూర్చుంటాడు."

"ఇంత తెలిసీ నాచేత కుట్టించావా?"

కోడలు తలెత్తింది. "మీకు తెలియలేదా అత్తయ్యా? ఎప్పుడూ ఒకే చోట చిరిగేది."

"తెలుసుకోకుండా ఉన్నాను," అంది పెద్దావిడ.

"మీరెంత బాగా కుట్టేవారంటే, మర్నాడు బొమ్మకి తొడిగితే ఏమీ జరగనట్టే ఉండేది. నేనూ ఏమీ జరగలేదనే అనుకునేదాన్ని."

నలభై ఏళ్లుగా అందరూ మెచ్చిన చేయి. పెద్దావిడ దాన్నొకసారి తిప్పి చూసుకుంది. లేచి వెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. అరచేయంత ముక్కలు. కొన్నిటి మీద చక్రం మరక ఇంకా ఉంది. ఒక్కొక్కటీ పక్కపక్కన పరిచింది. బల్ల చాలక చివరివి మిషను మీద పెట్టింది.

"ముప్పై ఒకటి," అంది. "ముప్పై రెండోది ఇంకా కోటుకే ఉంది."

"నేను ముప్పై రాసుకున్నాను," అంది కోడలు. "రెండు నేను లేనప్పుడు జరిగుంటాయి."

పెద్దావిడ కొక్కేనికున్న కోటును ఈసారి భుజాలు పట్టుకునే తీసింది. మడిచి, డబ్బాతో పాటు సంచిలో పెట్టింది. "ఇది కుట్టను. చిరుగుతోనే తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టు."

"కంపెనీ సొత్తంటారు."

"కోటు వాళ్లదే. ముక్కలు నావి. ఇటు తిరుగు, జడ సగంలో ఉంది."

కోడలు చిన్నపిల్లలా వెనక్కి తిరిగి కూర్చుంది. జడ అల్లుతుంటే ఆమె భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెద్దావిడ ఊరుకోమనలేదు. రిబ్బను ముడివేసి, ఆ వీపు మీద కాసేపు చెయ్యి ఆనించి ఉంచింది.

కొడుకు బండి తాళాలు తీసుకున్నాడు. "పద, దింపుతాను. నా బండి వానలోనూ ఆగుతుంది," అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. సంచి మాత్రం అతనే పట్టుకున్నాడు.

బండి వీధి మలుపు తిరిగాక పిల్లది నానమ్మ కొంగు పట్టుకుంది. ఖాళీ కొక్కెం వైపు చూసి, అడిగిందే మళ్లీ అడిగింది.

"నానమ్మా, చిట్టికి నొప్పేసిందా?"

పెద్దావిడ కింద కూర్చుని దాన్ని ఒళ్లోకి తీసుకుంది. చెయ్యి దానంతటదే పిల్ల ఎడమ పక్కకు, నడుముకు నాలుగు వేళ్ల కిందికి వెళ్లింది. అక్కడ వెచ్చగా ఉంది.

"వేసిందమ్మా," అంది.

"ఎన్నిసార్లు?"

"ముప్పై రెండుసార్లు. అమ్మ అదే చెప్పడానికి వెళ్లింది."