స్కానింగ్ గదిలో శేషారత్నం

ఉదయం ఏడుంబావుకి శేషారత్నం అద్దం ముందు కూర్చుని కాటుక పెట్టుకుంటోంది. వెళ్ళేది పెళ్ళికి కాదు, జూబ్లీ హిల్స్‌లోని కీళ్లవాతం క్లినిక్‌కి. మూడు నెలలకోసారి ఇదే తంతు. పొద్దున్నే ఒక నొప్పి మాత్ర మింగి, ఇస్త్రీ చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, డాక్టరు గదిలోకి నవ్వుతూ నడిచి వెళ్తుంది. ఇరవై ఏళ్లు సినిమా పాటల్లో గ్రూప్ డ్యాన్సర్‌గా, ఆపైన అసిస్టెంట్ డ్యాన్స్ మాస్టర్‌గా బతికిన మనిషి. కాలికి మేకు దిగినా "కట్" అనేదాకా నవ్వు చెదరకూడదని నేర్పిన వృత్తి అది. డాక్టరు ముందు మాత్రం ఆ అలవాటు ఎక్కడికి పోతుంది?

"నీకెందుకు శ్రమ? ఇలా ఇవ్వు, నేను పెడతాను" అన్నాడు భర్త త్రినాథరావు. ఆయన రిటైరైన లైట్‌మ్యాన్.

"మీరు లైట్లు పెట్టండి చాలు. కాటుక నేను పెట్టుకుంటాను" అందావిడ.

నాలుగేళ్ల క్రితం జబ్బు బయటపడినప్పుడు కూతురు రష్మి హౌస్ సర్జన్. కొత్త డాక్టరమ్మ హుషారుతో "అమ్మా, ఇక నువ్వు పూర్తిగా రెస్ట్ తీసుకోవాలి" అంది. త్రినాథరావు దాన్ని శాసనంలా అమలు చేశాడు. భార్య చేత బిందె ఎత్తనివ్వడు, మెట్లు దిగనివ్వడు. ఫిల్మ్ నగర్‌లో రిహార్సల్ హాలుకి మెత్తటి కుర్చీ కూడా తనే మోసుకెళ్ళి వేశాడు. హాల్లో వాళ్లతో వయసు మీద పడిందని చెప్పి ఆవిడ అందులో కూర్చుని, చేతులతోనే ముద్రలు చూపిస్తూ పిల్లలకి పాఠం చెబుతోంది.

ఫోన్ మోగింది. జగదీశ్ మాస్టర్, ఆవిడ అసిస్టెంట్‌గా పనిచేసేది ఆయన దగ్గరే.

"అక్కా, కొత్త సినిమాల గా పాత పద్ధతి పాట ఉంది కదా, గది నీకు తప్ప ఎవ్వరికి రాదు. ఈసారి మాస్టర్ నువ్వే. టైటిల్స్‌ల నీ పేరు ఏస్త. రెండు నెలల్ల రిహార్సల్ మొదలు. గానీ కుర్చీల కూసుంటే నడవదు, నిలబడి చూపియ్యాలె. పొద్దుగూకేవరకు జర చెప్పు."

శేషారత్నం ఫోన్ పెట్టేసి ఆ సంగతి ఇంట్లో ఇద్దరికీ చెప్పింది. ముప్ఫై ఏళ్లలో తెర మీద ఒక్కసారి కూడా పడని పేరు.

టిఫిన్ తింటున్న రష్మి చెయ్యి ఆపింది. ఇప్పుడామె ఆ క్లినిక్‌లోనే, పెద్ద డాక్టరు మంజులత దగ్గర పనిచేస్తోంది. "వద్దని చెప్పమ్మా. మళ్ళీ కీళ్లు వాస్తే ఎవరు బాధపడాలి?"

"రిపోర్టులన్నీ బాగున్నాయని నువ్వేగా అన్నావు."

"కీళ్లు బాగున్నాయి. ఈసారి కండరాలు కూడా స్కాన్ చేస్తాం. అవీ బాగుంటే ఒప్పుకో, నేను అడ్డురాను."

"మాట తప్పవుగా" అంది తల్లి. త్రినాథరావు రిపోర్టుల సంచి తీసుకుని ముందు నడిచాడు.

క్లినిక్‌లో డాక్టరు మంజులత వేళ్లు నొక్కి చూసింది, మోకాళ్లు వంచి చూసింది. వాపు లేదు. నొప్పి పదికి ఎంత ఉందని అడిగితే "రెండు కూడా లేదండీ" అంది శేషారత్నం, చక్కగా నవ్వుతూ. గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి చూపించింది. చూసినవాళ్లెవరైనా చప్పట్లు కొట్టాల్సిందే.

తర్వాత స్కానింగ్. డాక్టరు మంజులత, త్రినాథరావు పక్కనే నిలబడ్డారు. రష్మి తల్లి తొడ మీద చల్లటి జెల్ రాసి, యంత్రం పెట్టి, తెర వైపు చూసింది. చూస్తూనే ఉండిపోయింది. రెండో తొడ కూడా చూసి, మళ్ళీ మొదటిదానికి వచ్చింది.

"ఏమైందే, మాట్లాడవేం?"

"ఆరోగ్యమైన కండ తెర మీద నల్లగా, మధ్యలో సన్నటి తెల్ల గీతలతో కనబడుతుందమ్మా. నీది క్షీణించి బూడిదరంగులో ఉంది. ఈ వయసుకి ఉండాల్సిన మందం కూడా లేదు. లే. చేతులు ఆన్చకుండా ఆ కుర్చీలోంచి లేచి చూపించు."

శేషారత్నం కూర్చుని లేవబోయింది. లేవలేకపోయింది. రెండోసారి ముందుకి వంగి ప్రయత్నించింది. మూడోసారి ఆవిడ చెయ్యి దానంతటదే కుర్చీ అంచు మీదికి వెళ్ళింది.

"నాలుగేళ్ల నుంచి మా ముందు నటిస్తున్నావన్నమాట" అంది రష్మి. యంత్రం పక్కన పెట్టేసింది. "నేను డాక్టర్ని, నీ కూతుర్ని. నాకు కూడా అబద్ధమేనా?"

"నిజం చెబితే ఏం చేసేవాళ్లు మీరు? ఉన్న ఆ కాస్త పని కూడా మాన్పించేవాళ్లు. మీ నాన్న నన్ను గాజు బొమ్మలా అలమరాలో పెట్టి తాళం వేసేవారు. ఆ హాలే లేకపోతే నేనేంటో నాకే తెలియదు రష్మీ."

త్రినాథరావు తల దించుకున్నాడు. డాక్టరు మంజులత నెమ్మదిగా అంది. "రష్మీ, చేతులు కూడా చూడు."

రష్మి కళ్లు తుడుచుకుని తల్లి చీర కొంగు సర్ది, భుజం మీద, మోచేతి పైన యంత్రం ఆనించింది. తెర మీద కండ నల్లగా, నిండుగా, గీతలు తీరుగా కనిపించింది. ఆమెకి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. అదే జబ్బు, అదే మనిషి. రోజూ ముద్రలు పట్టిన చేతులు నిలబడ్డాయి. కుర్చీలో కూర్చోబెట్టిన కాళ్లు కరిగిపోయాయి.

"కూర్చోమన్నది నేనే కదా మేడమ్" అంది.

"వాపు ఎక్కువగా ఉన్న ఆ కొన్ని వారాలకి నువ్వు చెప్పింది సరైనదే. మళ్ళీ లేవమని చెప్పడం అందరం మరిచిపోయాం. ఆవిడ నవ్వు చూసి నేనూ మోసపోయాను" అంది మంజులత. "జబ్బు అదుపులోనే ఉంది. రోజూ వ్యాయామం చేయిస్తే బలం తిరిగి వస్తుంది. ఎంత వస్తుందో రెండు నెలల తర్వాత చూద్దాం."

రష్మి తల్లి చేతిని రెండు చేతులా పట్టుకుంది. "పాట ఒప్పుకో అమ్మా. కానీ మాస్టర్‌కి నిజం చెప్పి ఒప్పుకో."

శేషారత్నానికి అది లేచి నిలబడటం కన్నా కష్టమైంది. రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేసింది. చివరికి చేసింది. "మాస్టారూ, నాకు కీళ్లవాతం ఉంది. నాలుగేళ్ల నుంచి దాచాను. కాళ్లలో సత్తువ లేదు, తెచ్చుకుంటాను. మధ్యమధ్యలో ఆగుతాను. అలాగైతేనే చేస్తాను."

అటువైపు మాస్టర్ నొచ్చుకున్నాడు. "గింత నొప్పి పెట్టుకోని నవ్వుకుంట చేసినవా అక్కా? ఆగినప్పుడు ఆగు. పేరు మాత్రం నీదే."

రెండు నెలలూ త్రినాథరావు పక్కన నిలబడి లెక్కపెట్టాడు, ఆవిడ కూర్చుంది, లేచింది. మొదట్లో మూడుసార్లు, తర్వాత ఎనిమిదిసార్లు. మొరాయించిన రోజులూ, ఆయన్ని తిట్టిన రోజులూ ఉన్నాయి. రెండో స్కాన్‌లో కండ మందం కొద్దిగానే పెరిగింది. చేతులు ఆన్చకుండా లేవడం మాత్రం వచ్చింది.

రిహార్సల్ మొదటి రోజు రష్మి గుమ్మం దగ్గర నిలబడి చూసింది. ఇరవై మంది పిల్లల ముందు శేషారత్నం లేచి, పాట మొదలవగానే అడుగు వేసింది. నడుము తిరిగిన తీరుకి పిల్లలు నోళ్లు తెరిచారు. రెండో చరణం మధ్యలో ఆవిడ చెయ్యెత్తి పాట ఆపించింది. ముఖాన నవ్వు లేదు.

"మోకాలు నొప్పిగా ఉందమ్మా. పది నిమిషాలు కూర్చుని మళ్ళీ చేద్దాం" అంది అందరికీ వినబడేలా.

ఇరవై మందీ చప్పుడు చేయకుండా నేల మీద కూర్చుని ఎదురుచూశారు. ముప్ఫై ఏళ్లలో ఆవిడ కోసం ఒక పాట ఆగడం అదే మొదటిసారి. రష్మి పక్కన నిలబడ్డ కొత్తమ్మాయి ఒకతి "మాస్టర్ గారు మీకేమవుతారండీ?" అని గుసగుసగా అడిగింది.

"మా అమ్మ" అంది రష్మి. ఆ రెండు మాటలూ చెప్పేసరికి కళ్లు నిండిపోయాయి, తుడుచుకోవాలని అనిపించలేదు.