ఐసు గదిలో ఊపిరి

ఆ షెడ్డు వెనక గది మంచిది కాదని ఆ వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

కార్ల షెడ్డు కాకముందు అది ఐసు ఫ్యాక్టరీ. మూరెడు మందం గోడలు, ఇనుప తలుపు. ఐసు దిమ్మలు పేర్చే ఆ గదిలో, కాపలావాడు లోపలుండగానే ఎవరో చూసుకోకుండా తలుపేసేశారట... తెల్లారి తీసేసరికి కొయ్యబారిపోయి ఉన్నాడట. చూసినవాళ్ళెవరూ లేరు. కానీ చీకటి పడ్డాక అటువైపు వెళ్ళిన ప్రతివాడికీ ఏదో ఒకటి వినిపిస్తూనే ఉంటుంది.

ఆ గదిలోనే పని చేసుకునేవాడు మన ఏసీ మెకానిక్. ఎప్పుడూ మెడలో గ్యాస్ ఒత్తిడి చూపే ప్రెషర్ గేజు వేలాడేసుకుని తిరుగుతాడని అందరూ అతన్ని గేజు అంటారు. దెయ్యాలంటే అతనికి నవ్వు.

ఆ నవ్వు కాస్తా ఆ వేసవిలో పోయింది.

కారు ఎవరిదో కాదు, షెడ్డు వెనకింట్లో ఉండే సొంత అక్కది. ఏసీలో గ్యాస్ నింపుతాడు, చల్లటి గాలి జివ్వున కొడుతుంది. ఐసు గదిలో పెట్టి ఇంటికెళ్తాడు. పొద్దున్నే వచ్చి గేజు తగిలిస్తే... ముల్లు నేల చూపులు చూస్తుంటుంది. మళ్ళీ నింపుతాడు. మళ్ళీ ఖాళీ.

పైపులకు సబ్బు నురుగు పూశాడు. ఒక్క బుడగ లేదు. గ్యాసులో రంగు కలిపాడు. ఎక్కడా మరక లేదు. గ్యాస్ తగిలితే కూత పెట్టే డిటెక్టరు పట్టుకుని, ఇంజన్ ఆన్ చేసి, ఏసీ ఫ్యాను ఫుల్లుగా పెట్టి, కారంతా తిప్పాడు. అది మూగనోము పట్టింది. కోపమొచ్చి కారు టైరును తన్నాడు. కాలి బొటనవేలు వాచింది తప్ప ఒరిగిందేమీ లేదు.

"చలికి చచ్చినవాడు కదరా... చల్లదనం కనబడితే ఊరుకుంటాడా? పీల్చేస్తున్నాడు," అన్నాడు పక్క కొట్లో పంక్చర్లు వేసే టైర్ల తాత. "మొన్న రాత్రి కళ్ళారా చూశాను. తెల్లగా... నిలువెత్తు మనిషి. ముఖమే లేదు. గోడలోకి పోయాడు."

"కళ్ళద్దాలు మార్చుకో తాతా," అని కసురుకున్నాడు గేజు. కానీ ఆ మాట ముల్లులా దిగబడింది.

సాయంత్రం అక్క వచ్చింది. కళ్ళు లోతుకు పోయాయి. రాగానే అందుకుంది.

"ఊళ్ళో అందరి కార్లూ బాగుచేస్తావు. నా కారు దగ్గరికొచ్చేసరికి నీ చేతులకు ఏమొచ్చిందిరా?"

"కనబడితే కదా అక్కా..."

"రేపే ఆపరేషను. ఈసారి కూడా తప్పితే ఆయన చెయ్యి ఇక ముడుచుకుపోయినట్టే. తెలుసుగా?"

తెలుసు. బావ పనిచేసే చోట బాయిలరు పేలి ఒళ్ళు సగం కాలింది. అతికించిన చర్మానికి చెమట పట్టదు. చెమట పట్టని ఒళ్ళు ఎండలో పెనంలా కాగిపోతుంది. పోయిన నెల ఆసుపత్రికి బయల్దేరి, దారి మధ్యలో ఏసీ ఆగిపోయి, బావ స్పృహ తప్పి సీట్లోనే వాలిపోయాడు. అక్క ఒక్కతే ఓ చేత్తో స్టీరింగు, ఓ చేత్తో నీళ్ళ సీసా పట్టుకుని వెనక్కి తెచ్చింది.

"తెల్లారేసరికి చేస్తాను," అన్నాడు గేజు. ఎలా చేస్తాడో అతనికే తెలియదు.

చీకటి పడింది. తాత కొట్టు కట్టేశాడు. గేజు చివరిసారిగా గ్యాస్ నింపి, ఇంజన్ ఆపి, గదిలో దీపాలన్నీ తీసేశాడు. రంగు కలిపిన గ్యాస్ ఎక్కడ కారినా ఊదారంగు టార్చి వెలుగులో పచ్చగా మెరుస్తుంది. దానికి చిమ్మచీకటి కావాలి. కారు కిందకి దూరి వెల్లకిలా పడుకున్నాడు.

పైపు... జాయింటు... మళ్ళీ పైపు... ఏమీ లేదు.

"నీ యమ్మ... ఎక్కడ దాక్కున్నావే!" అని పళ్ళు కొరికాడు. టార్చి ఆర్పి, చేతులు బార్లా చాపి, నేలమీదే ఉండిపోయాడు. ఎంతసేపున్నాడో... కునుకు పట్టిందో ఏమో...

పక్క తలుపు కిర్రుమంది.

కార్ల షెడ్డయ్యాక గోడ కొట్టి పెట్టిన ఆ తలుపుకి గడియ లేదు. అటునుంచి ఎవరూ రారు కూడా.

అడుగుల చప్పుడు... మెత్తగా... ఒక కాలు ఈడుస్తూ.

కారు తలుపు తెరుచుకుంది. గేజు ముఖం మీద ఉన్న బండి మొత్తం... మెల్లగా... ఒక అంగుళం కిందికి దిగింది. ఎవరో లోపల కూర్చున్నారు.

ఊపిరి బిగబట్టాడు. పైన నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో...

"స్స్స్..."

తాత చెప్పిందే. పీలుస్తోంది.

పాక్కుంటూ బయటికొచ్చాడు. టార్చి నొక్కి కారు కిటికీలోకి కొట్టాడు.

ముందు సీట్లో మనిషి. ఒళ్ళంతా తెల్లగా, నీలంగా వెలిగిపోతోంది. చేతులు వెలుగుతున్నాయి. మెడ వెలుగుతోంది. ముఖం ఉండాల్సిన చోట... నున్నటి వెలుగు.

గేజు గొంతులోంచి కీచుమని ఏదో వచ్చింది.

ఆ వెలుగు చెయ్యి లేచింది. నోరుండాల్సిన చోట వేలు ఆనించుకుంది.

"ష్... అరవకురా. మీ అక్క లేస్తుంది."

టార్చి కింద పడింది.

బావ! కాలిన చర్మం బిగుసుకుపోకుండా డాక్టర్లు తొడిగిన తెల్లటి గుడ్డ ముసుగు, తెల్లటి చేతి తొడుగులు. ఉతికిన తెల్లగుడ్డ ఊదా వెలుగులో అలా మెరిసిపోతుందని గేజుకి తెలియనిదేం కాదు. తెలిసిన విషయం ఆ క్షణాన గుర్తొస్తే కదా!

"నువ్వా బావా? ప్రాణం పోయింది! ఇక్కడేం చేస్తున్నావు?"

"ఇంట్లో పడుకోలేనురా. మేడమీద గది నిప్పుల గుండం. ఒళ్ళు మండిపోతుంటే మీ అక్క తడిగుడ్డలు మారుస్తూ కూర్చుంటుంది. అందుకే ఆవిడ నిద్రపోయాక పెరటి గోడ సందులోంచి వచ్చేస్తున్నాను. కారుకి ఇంకో తాళంచెవి నా దగ్గరుందిగా. ఈ గది చల్లగా ఉంటుంది." గొంతు తగ్గించాడు. "ఒకటే భయం. ఇక్కడ... ఏదో ఉందిరా. రోజూ నా కాళ్ళ దగ్గర ఊపిరి పీలుస్తుంది. చెబితే నవ్వుతావని..."

"ఎక్కడ?"

"కాళ్ళ దగ్గర. విను."

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. "స్స్స్..."

గేజు తలుపు తీసి, కాళ్ళ దగ్గర తల దూర్చి, డ్యాష్‌బోర్డు అడుగున చెవి పెట్టాడు. డిటెక్టరు అందుకుని అక్కడ పెట్టాడు. అది ఒక్కసారిగా కేకలు లంకించుకుంది.

"కూలింగ్ కాయిల్!" అని నెత్తి కొట్టుకున్నాడు. ఏసీ నడుస్తున్నంతసేపూ డ్యాష్‌బోర్డు లోపలుండే ఆ కాయిల్లో ఒత్తిడి తక్కువ. ఆపాక పెరుగుతుంది, చిల్లు నోరు తెరుస్తుంది. తనేమో ఎప్పుడూ ఏసీ నడుపుతూ వెతికాడు. కారిన ఆ కాస్త గ్యాసునీ ఫ్యాను ఊదేసింది. "దద్దమ్మని బావా, వట్టి దద్దమ్మని!"

"ఆ సంగతి తర్వాత. బాగవుతుందా లేదా?"

విడిభాగాల దుకాణదారుణ్ణి మంచం మీంచి లేపి, ఆయన తిట్లన్నీ తిని, కొత్త కాయిల్ తెచ్చాడు గేజు. మిగిలిన గ్యాసును మెషీన్లోకి లాగి, డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీశాడు. స్క్రూలు విరిగాయి, క్లిప్పులు ఎగిరిపోయాయి, బూతులు వచ్చాయి. బావ సరిగా వంగని వేళ్ళతోనే దీపం పట్టుకున్నాడు. పాత కాయిల్ అంచున, గుండుసూది మొనంత చిల్లు చుట్టూ, పచ్చటి రంగు మెరుస్తూ కనబడింది. ఇంతా చేసి ఇంత చిల్లా అని గేజుకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

కొత్తది బిగించి, లోపలి గాలి లాగేసి, గ్యాస్ నింపి, ఏసీ నడిపి, ఇంజన్ ఆపి, ప్రెషర్ గేజుకి ఎదురుగా కూర్చున్నాడు. ముల్లు కదల్లేదు. కిటికీలో వెలుగు వచ్చేదాకా చూశాడు. కదల్లేదు.

అక్క వచ్చేసరికి కార్లో ఏసీ వేసుకుని బావ హాయిగా నిద్రపోతున్నాడు. ఆయన అక్కడున్నందుకు ఆమె ఆశ్చర్యపోలేదు. తలుపు చప్పుడు కాకుండా తీసి, చల్లటి గాలికి అరచెయ్యి అడ్డంపెట్టి, అలాగే నిలబడిపోయింది.

గేజు ఆమెను పక్కకి పిలిచి గుసగుసగా అన్నాడు. "అక్కా... బావ రోజూ రాత్రి నువ్వు నిద్రపోయాక..."

"తెలుసు."

"తెలుసా?"

"నేను కళ్ళు మూసుకోకపోతే ఆయన మంచం దిగరురా. అందుకే తొందరగా గురక పెట్టేదాన్ని. ఆయన ఇటు రాగానే లేచి, ఆ పక్క తలుపు బయట మెట్టుమీద కూర్చునేదాన్ని... కళ్ళు తిరిగి పడిపోతే పట్టుకోడానికి ఒకరుండాలిగా."

అక్క స్టీరింగు ముందు కూర్చుని, బావ మెడకింద తువ్వాలు సర్ది, అద్దం సగం ఎక్కించింది.

"ఆయనకు చెప్పకు," అని అద్దం సందులోంచి మెల్లగా అంది. "గురక నిజమేననుకుంటున్నారు."