స్టాండ్‌బై జాబితాలో అమ్మ పేరు

“మా అమ్మ పేరు కొట్టేసిందెవరు? మీరా, మామయ్యా? ఇద్దరూ కూడబలుక్కునే చేశారా?”

పొద్దున ఏడు కాలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. కోడలు ఫోను పట్టుకుని హాలు మధ్యలో భర్తకు ఎదురుగా నిలబడింది.

విమానాల కంపెనీ సామాన్ల విభాగంలో ఆమెది ఉద్యోగం. తొమ్మిదేళ్ళుగా జనం పెట్టెలు బెల్టు మీదికి ఎత్తి పంపుతోంది. అందుకు కంపెనీ ఇచ్చే వరం ఒకటుంది. విమానంలో సీటు మిగిలితే ఇంటివాళ్ళు దాదాపు ఉచితంగా ఎక్కొచ్చు. మిగలకపోతే మరో విమానం దాకా కాచుకోవాలి. దాన్నే స్టాండ్‌బై అంటారు. ఆ జాబితాలో తల్లిదండ్రులకు రెండే గళ్ళు. పుట్టింటివాళ్ళైనా ఉండాలి, అత్తింటివాళ్ళైనా ఉండాలి. ఒకరిని అటునుంచి, ఒకరిని ఇటునుంచి రాస్తే కుదరదు. ఏడాదికి ఒక్కసారి, కొద్ది రోజులే మార్చుకోనిస్తారు. ఈసారి గడువు ఇవాళ మధ్యాహ్నం పన్నెండు.

నిన్న ఆమె తల్లి పేరు రాసింది. ఇవాళ లేచి చూస్తే మళ్ళీ అత్తమామల పేర్లే ఉన్నాయి.

భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ గొణిగాడు. “నాన్న అడిగారు. నీ పాస్‌వర్డు నాకు తెలుసుగా, మార్చేశాను. వచ్చే ఏడాది మీ అమ్మ పేరు పెడదాంలే.”

“ఐదేళ్ళుగా వచ్చే ఏడాదే! వచ్చే ఏడాదికి ఆవిడకి చూపుండదని డాక్టరు చెప్పిన మాట మీ చెవిన వెయ్యలేదూ? మనవరాలి మొహం ఫోన్లో తప్ప చూళ్ళేదు మా అమ్మ. రెండు రోజులు రైల్లో కూర్చునే మోకాళ్ళు కావవి. టికెట్టు కొందామంటే నా నెల జీతం చాలదు.”

మామగారు పేపరు చాటు నుంచి తల బయటపెట్టారు. ముప్పయ్యేళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. రిటైరయ్యాక కోడలి పుణ్యమా అని పదకొండుసార్లు విమానం ఎక్కారు. పనుండి కాదు. పొద్దున వెళ్ళి, ఎక్కడో టీ తాగి, సాయంత్రానికి తిరిగొచ్చేవారు. వీధిలో అందరూ ఆయన్ని ‘పైలట్’ అంటారు. ఆయనకది బిరుదు.

“అత్తింటివాళ్ళ పేర్లే కదమ్మా ఉండాల్సింది? లోకం తీరే అంత.”

“పెట్టెలు మోసే నడుం లోకానిది కాదు మామయ్యా, నాది. ఆ నడుం సంపాదించిన సీటు నన్ను కన్న మనిషికి లేదు, మీరు టీ తాగి రావడానికుంది. ఇదేం న్యాయం?”

ఆ ఇంట్లో కోడలి గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. వీధికి వినబడుతుందని భర్త తలుపు వెయ్యబోయాడు.

“తెరిచే ఉంచరా,” అంటూ అత్తగారు పొయ్యి కట్టేసి వచ్చారు. “వదినగారికి చూపు పోతోందా? నాతో ఒక్కరూ అనలేదేం?”

“మీకు తెలుసనుకున్నా అత్తయ్యా. తెలిసే ఊరుకున్నారనుకున్నా.”

అత్తగారు కుర్చీలో కూలబడ్డారు. “ఎంతమాట అనుకున్నావే! నాకా విమానం మీద మోజు లేదు తల్లీ. మొన్న ఎయిర్‌పోర్టులో ఆ ఇనప కుర్చీలో ఆరు గంటలు కూర్చున్నా. పేరు పిలుస్తారేమోనని బాత్రూముకైనా లేవలేదు. చివరికి సీట్లు నిండిపోయాయన్నారు. ఈయన ముచ్చట కోసం నోరు మూసుకున్నా. నేను నోరు మూసుకున్నందుకు ఆవిడ కళ్ళు మూసుకుపోవాలా?” భర్త వైపు తిరిగారు. “చెప్పండి, పదకొండుసార్లు ఎక్కి ఏం చూశారు?”

పైలట్ పేపరు మడిచారు. విప్పారు. మళ్ళీ మడిచారు.

“ముప్పయ్యేళ్ళు చిల్లర కోసం జనం నన్ను తిట్టారే. విమానంలో ఆ ఎయిర్‌హోస్టెస్ పిల్ల ‘నీళ్ళు కావాలా సార్’ అంటుంది. ఆ ఒక్క మాట కోసం ఎక్కాను.” “ఆవిడ కళ్ళ సంగతి నాకూ తెలీదు. వీడు చెప్పలేదు.”

ముగ్గురూ అతనివైపు చూశారు. “మీతో గొడవెందుకని…” అన్నాడు. గొడవ లేకపోవడమే కాపురం అనుకునే మగవాళ్ళలో అతనొకడు. ఆ గొడవంతా ఆడవాళ్ళ కడుపులో కూరి పెట్టి, ఇల్లు ప్రశాంతంగా ఉందని మురిసిపోయే రకం. ఇప్పుడు తలెత్తలేకపోయాడు. “తప్పు నాదే,” అన్నాడు భార్యతో. “నిన్నడగకుండా ముట్టుకోవాల్సింది కాదు.”

“ఆ ఫోనిలా తేమ్మా,” అన్నారు పైలట్. “మా పేర్లు నేనే తీస్తాను. వేలెక్కడ పెట్టాలో చెప్పు.”

రెండు పేర్లూ తీశారు. వియ్యపురాలి పేరు ఒక్కో అక్షరం అడిగి మరీ కొట్టారు. కోడలికి కళ్ళు మసకబారాయి. అప్పుడే తల్లికి ఫోను చేసింది.

“శుక్రవారం బయల్దేరమ్మా.”

“మీ మామగారు ఏమన్నా అనుకుంటారేమోనే…”

అత్తగారు ఫోను లాక్కున్నారు. “ఆ మర్యాదలన్నీ వచ్చాక చూసుకుందాం వదినా! మొదటి రోజు సీటు దొరక్కపోతే రెండో రోజు దొరుకుతుంది. ఒకటే మాట, బాత్రూముకి మాత్రం ఆపుకోకండి.” అవతల పెద్దగా నవ్వు వినిపించింది.

కోడలు మాత్రం కూర్చోలేదు. ఈ ఏడాది అమ్మ వస్తుంది, సరే. ఏటేటా ఒక అమ్మని ఎక్కించడానికి ఇంకో అమ్మని దించాలా? కాగితం తీసింది. పైలట్ కలం అందించారు. నిలబడే రాసింది:

“కంపెనీ పెద్దలకు. పెట్టెలు మోసేవాళ్ళకీ రెండు వైపులా తల్లిదండ్రులుంటారు. మీ రెండు గళ్ళు మా ఇళ్ళలో చిచ్చు పెడుతున్నాయి. ఎలాగూ ఖాళీగా ఎగిరే సీటులో ఇంకో ముసలామె కూర్చుంటే మీకు పోయేదేమీ లేదు. మా విభాగంలో నలభైమంది సంతకాలు సోమవారం మీ బల్ల మీదుంటాయి. నాలుగు గళ్ళు పెట్టండి. వచ్చే ఏడాది కాదు, ఈ నెలలోనే పెట్టండి.”